అరల చీటీలు

రిచీ స్ట్రీట్‌లో, సోల్డరింగ్ పొగకీ
సమోసా నూనెకీ మధ్య ఎనిమిదడుగుల కొట్టు.
నా మొదటి ఉద్యోగం అక్కడే.
పాత ఆటల డిస్కులు తుడిచి,
వెలుతురుకి ఎత్తి గీతలు చూసి,
అరల్లో సర్దడం.

దామోదరం అన్న తొమ్మిది చీటీలు రాసిచ్చాడు,
నీలి ఇంకుతో, తమిళంలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.
తెలుగులో వద్దా అంటే
"మనం మాట్లాడుకోడానికి చీటీ ఎందుకే" అన్నాడు.

యాక్షన్.
ఏ ఆటలో లేదది?
బొటనవేలు కదలకుండా ఆడేది ఒక్కటి చూపించు.
రోల్ ప్లేయింగ్.
బస్సు నడిపితే నాది డ్రైవరు వేషమేగా,
దాన్ని మాత్రం ఆ అరలో పెట్టనివ్వడు.
"అందులో అంకెలు పెరగాలి" అంటాడు.
వేషానికీ అంకెలకీ ఏం చుట్టరికమని అడిగితే
టీ తెమ్మంటాడు.
సిమ్యులేషన్ అరలో
యుద్ధవిమానాన్ని ఆనుకుని వంకాయ తోట.

ఫస్ట్ పర్సన్ అని ఒకటి, థర్డ్ పర్సన్ అని ఒకటి.
చింతాద్రిపేట బడిలో మా తెలుగు అయ్యవారు
బల్ల మీద బెత్తం కొడుతూ చెప్పేవారు:
నేను, ఉత్తమ పురుష.
వాడు, ప్రథమ పురుష.
వాళ్ళ ఫస్టు మనకి ఉత్తముడు,
మన ప్రథముడు వాళ్ళకి మూడోవాడు!
ఈ ఉత్తముడి మొహం ఎప్పటికీ కనిపించదు,
రెండు చేతులు, ఒక తుపాకీ, అంతే.
ఇంతకీ అది ఆట పేరా,
కన్ను ఎక్కడుందో చెప్పే చిరునామానా?

ఒకదానికి కన్నున్న చోటు పేరు.
ఒకదానికి చేతి పని పేరు.
ఒకదానికి ఎప్పుడో పోయిన ఆట పేరే ఇంటిపేరు,
"దానిలాంటిది" అని.
ఆ 'దాన్ని' చూసినవాళ్ళు మా వీధిలో లేరు.
ఇంకోదానికి తిట్టే పేరై కూర్చుంది:
ఊరికే నడిచేది.
బియ్యాన్ని గజాలతో, గుడ్డని సోలలతో కొలిచి
లెక్క తేల్చమంటే నేనెక్కడ తేల్చను?

ఐప్పసి వానకి పైన రేకు కారింది.
తొమ్మిది చీటీలూ ఒకే నీలి చారిక.
అన్న నెల్లూరు పెళ్ళిలో ఉన్నాడు.
నాలుగు రోజులు, పేర్లు లేని అరల ముందు
నేనొక్కదాన్నే.

అప్పుడు విన్నాను జనం ఏమడుగుతారో.

జీహెచ్‌లో రాత్రి డ్యూటీ దిగి
చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో వచ్చిన నర్సు ఎస్తేరు:
"చేతులకి పనుండాలమ్మా, ఎవరూ చావకూడదు."
ఆటో నాగలింగం:
"మా వాడితో ఆడాలి. పక్కపక్కన కూచుంటే చాలు,
మొహాలు చూసుకోకపోయినా ఫరవాలేదు."
ట్యూషన్ ఎగ్గొట్టిన పిల్ల:
"ఓడిపోతే నవ్వనిది ఉందా?"
టై కట్టుకున్న ఒకాయన, గొంతు బాగా తగ్గించి:
"తొందరగా అయిపోనిది."

వెతికాను. గంటలు పట్టింది.
ఎస్తేరుకి, మూడేళ్ళుగా అదర్స్ అరలో
అట్ట కూడా లేకుండా పడున్న
ఓడలకి రంగులేసే ఆట ఇచ్చాను.
గర్వంగానే ఇచ్చాను,
నాకు తెలిసిపోయింది కదా, ఆటల్ని ఎలా పిలవాలో.

వారానికి మళ్ళీ వచ్చింది.
"ఏడో రేవులో ఒక కాకి చచ్చిపోతుందమ్మా" అంది.
నేను డబ్బుల డబ్బా తెరిచాను, తిరిగిద్దామని.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"అది కాదు. దీనికి రెండో భాగం ఉందా?"

అన్న వచ్చాడు, పెళ్ళి లడ్డూతో.
మళ్ళీ అవే తొమ్మిది చీటీలు రాశాడు,
ఈసారి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి.
నేనేమీ అనలేదు.
చివరి చీటీ వెనక, గోడవైపు,
పెన్సిల్‌తో, తెలుగులో రాసుకున్నాను:
ఒక కాకి చస్తుంది.
అయినా ఆడొచ్చు.