నలభై ఏడో చిక్కు

పెరంబూరులో మేడమీద గది. రాత్రి రెండున్నర.
రేకుల్లోంచి పగటి వేడి ఇంకా దిగలేదు.
కొత్త ఇంజన్‌కి పరీక్ష పెడుతున్నాను:
నూట పదకొండు చిక్కులు, ఒక్కోదానికి నిమిషం.
ఎత్తు దొరికితే టిక్కు, లేకపోతే సున్నా.

నేను మార్కులేసే పంతులమ్మని.
పిల్లవాడు నాకంటే వెయ్యిరెట్లు గట్టివాడు.
బుర్ర గోక్కోడు, కిటికీలోకి చూడడు,
ఓడిపోతే పావుల్ని చేత్తో ఊడ్చెయ్యడు.

నలభై ఏడు ఏ పుస్తకంలోనూ లేదు.
కోచ్ ఫ్యాక్టరీ వెనక క్యారమ్ గదిలో
తొంభై మూడు, కార్తీకం ముసురులో
వెల్డర్ మునిరత్నం ఆడింది.
నల్లరాజు మూలకి నక్కాడు, ముందు మూడు బంట్ల కంచె.
మునిరత్నం ఏనుగుని తీసుకెళ్ళి
బంటు నోట్లో పెట్టాడు.
టీ మీద మీగడ కట్టింది.
యతిరాజులు, స్టోర్స్ గుమాస్తా, చాలాసేపు చూసి
ఏనుగుని చంపాడు.
పదకొండో ఎత్తుకి ఆట కట్టు.

నాకు పదహారేళ్ళు. స్కోరు రాసే పిల్లని.
ఎలా కనబడిందన్నా, అని అడిగాను.
"కనబళ్ళా. ఇంకేం మిగల్లా" అన్నాడు
మంటకి మాడిన రెప్పలు నులుముకుంటూ.

నేను మాత్రం ఎర్రసిరాతో రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాను.
తర్వాత వచ్చిన ప్రతి ఇంజన్‌తోనూ
ఆ గడి ముందు గోడకుర్చీ వేయించాను.
మొదటిది రాత్రంతా నడిచి, పొద్దున సైరన్ కూసినా
ఏనుగు పోతుంది, ఓటమే, అంది. మొద్దు, అని రాశాను.
ఇంకోటి నలభై నిమిషాలకి పట్టుకుంది.
ఆపైన ఆరు నిమిషాలు. ఆపైన నాలుగు సెకన్లు.
అందరికీ వచ్చేసిన లెక్క పరీక్షలో ఉండకూడదు.
రూలు నాదే. ఏడాదిగా వాయిదా వేస్తున్నాను.

ఇవాళ్టిది మొదటి సెకనులోనే ఏనుగు అంది.
టిక్కు పెట్టబోయాను.
మూడో సెకనులో మాట మార్చింది.

గంట నడవనిచ్చాను. ల్యాప్‌టాప్ మీద అన్నం వండుకోవచ్చు.
అప్పుడు చూపించింది:
నలుపు ఏనుగుని ముట్టుకోనక్కర్లేదు.
గుర్రాన్ని వెనక్కి, అది బయల్దేరిన గడికే పంపితే చాలు.
ఎత్తుకు పైఎత్తు. తెలుపు పని అయిపోయింది.
మరి ఏం ఆడాలి అంటే
అంచు బంటుని ఒక గడి జరుపుతుందట,
అరవై ఎత్తులు సాగదీసి ఓడిపోతుందట.

ఇన్నేళ్ళు నేనేసిన మార్కులన్నీ తప్పు.
మొద్దన్నదానికే, కారణం చెప్పలేకపోయినా,
సగం మార్కు రావాలి.
మునిరత్నం మాటే నిజం. ఇంకేం మిగల్లేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది.
చంపే ముందు యతిరాజులు చెయ్యి
ఆ గుర్రం మీదకే వెళ్ళింది.
తాకలేదు. బెత్తెడు ఎత్తున ఆగి
పక్కకి తిరిగింది.
నేను చూశాను. రాయలేదు.
గాల్లో ఆగిన చేతికి
స్కోరు కాగితంలో గుర్తు లేదు.

నలభై ఏడుని తీసెయ్యలేదు.
జవాబు గడి మాత్రం చెరిపాను.
నలభై ఎనిమిది నడుస్తోంది.