రెవెన్యూ స్టాంపు

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, విల్సన్ గార్డెన్ ఇంట్లో
మా అత్తయ్య నాకు పన్నెండు సంతకాలు పెట్టింది.
ఏప్రిల్‌కి నీలం పెన్ను, మేకి నలుపు,
జూన్‌కి కాస్త వెలిసిన సిరా.
నెలలు నెలల్లా కనబడాలని
నాలుగు పెన్నులు నేనే కొనుక్కొచ్చాను.
ఆమె పేర ఉన్న ఇంటికి మేం అద్దె కడుతున్నట్టు.
కట్టిందీ లేదు, ఆమె అడిగిందీ లేదు.

"ఏంటమ్మా ఇవి?"
"ఏం లేదత్తయ్యా, ఆఫీసువాళ్ళు అడిగారు."
కొత్తిమీర అబ్బాయి పొరపాటున ఎక్కువిచ్చిన అయిదు రూపాయల కోసం
పొద్దున్నే రెండు వీధులు వెనక్కి నడిచిన మనిషి
కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా రాసేసింది.
స్టాంపులు నాలుకతో తడిపి నేను అంటించాను.
చెయ్యి వణకలేదు. రాత్రి నిద్ర బాగానే పట్టింది.

నా ఉద్యోగం ఆడిట్.

మరుసటి వారమే దొరికింది కాఫీపొడి బిల్లు.
గాంధీబజార్ కొట్టు రసీదు మీద
నాలుగు వందల పది కాస్తా నాలుగు వందల డెబ్భై.
ఒకటికి నెత్తిన చిన్న గీత పెడితే ఏడు.
అరవై రూపాయలు.
నా చెవులు వేడెక్కాయి.
ఫైలు వెనక్కి తిప్పేకొద్దీ
స్టవ్ మీద మరిచిన పాలలా
నాలోని న్యాయం పొంగి పొయ్యంతా పారింది.

మునివెంకటప్పని పిలిచాను.
చింతామణి మనిషి. పదహారేళ్ళుగా
ఎవరికి చక్కెర వద్దో చీటీ లేకుండా గుర్తుపెట్టుకున్నవాడు.
కిందటేడు లిఫ్టులో దొరికిన పర్సు,
అందులో పదకొండు వేలు, ఒక పసిపాప ఫోటో,
రెండు బస్సులు మారి మారతహళ్ళి దాకా పోయి ఇచ్చొచ్చాడు.
టికెట్ డబ్బులిస్తానంటే తీసుకోలేదు.

"అదీ నువ్వే, ఇదీ నువ్వే. ఎట్లా?"
అతను నిజంగానే ఆలోచించాడు,
పాత లెక్కేదో అడిగితే వేళ్ళు మడుచుకున్నట్టు.
"పర్సుకు మొగముండె మేడం.
ఆఫీసుకు యాడుంది మొగము?"

మెమో రాశాను. ఒక ఇంక్రిమెంటు కోత.
తలూపి, ఖాళీ కప్పులు తీసుకుని వెళ్ళాడు.
మర్నాడు నా టేబుల్ మీద కాఫీ,
అరచెంచా చక్కెర, ఎప్పటిలాగే.

అప్పుడు కాదు, చాలా రోజుల తర్వాత
సిల్క్ బోర్డు దగ్గర బస్సు గంటసేపు కదలకపోతే
కిటికీకి తల ఆనించి కూర్చున్నప్పుడు తట్టింది.
అతని మొహం నా ఎదురుగా ఉంది.
చెమట, దించుకున్న కళ్ళు, అరిగిన కాలరు.
అందుకే కోపం అంత సులువుగా వచ్చింది.
నేను ఎవరి దగ్గర తీశానో వాళ్ళు నాకెప్పుడూ కనబడలేదు.
గుంత పూడని రోడ్డనీ, మందు లేని ఆస్పత్రనీ అంటారు గానీ
వాటికి కళ్ళేవీ, దించుకోవడానికి?
మొహం లేదనే అతను తీశాడు,
మొహం ఉందనే నేను కొట్టాను.

మనసు చెప్పిన మాట వినమంటారు.
నా మనసు అరవై రూపాయలకి అరిచింది,
అరవై వేలకి ఆవులించింది.

తెలిశాక మారానని రాస్తే
ఈ కవితకి బాగుండును.
ఫిబ్రవరి మళ్ళీ వచ్చింది.
ఈసారి అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుంది.
పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని
ఒక మాట దగ్గర వేలు ఆపింది.
"రిసీవ్డ్ అంటే ముట్టినట్టు కదూ?"
అని నా మొహంలోకి చూసింది.

నాలుక మీద అప్పటికే జిగురు రుచి.
నాలుగో పెన్ను ఎక్కడో పడిపోయిందంటూ
నేను టేబుల్ కిందికి వంగాను.