నూట ఇరవై అయిదు

ఓడకు మరమ్మతు. నాకు గురువారం సెలవు.
రీగాలో చూడదగ్గవేమిటని అడిగితే
రేవు గేటు కాపలాదారు ఇల్మార్స్
చర్చిలన్నీ వదిలేసి
రెండు చేతులూ చెవుల దగ్గర ఆడించి
ట్రామ్ పట్టాల వైపు చూపించాడు.
ఏనుగన్నాడో కుందేలన్నాడో తేలలేదు.
ఎక్కాను.

పైన్ చెట్లు మొదలైన చాలాసేపటికి
డ్రైవరమ్మ వెనక్కి తిరిగి, నన్ను చూసి, తలూపింది.
జూకి పోతున్నానని నా మొహాన రాసుందేమో.

అక్టోబరు. వాన కాదు,
వాన మానేద్దామా అని ఇంకా తేల్చుకోని తుంపర.
టికెట్ కిటికీలో అమ్మాయి
నాణేలు కళ్ళకద్దుకోలేదు గానీ
బోణీ నాదేనని ఆమె నిట్టూర్పు చెప్పింది.

పులి దగ్గర అరగంట నిలబడ్డాను.
గడ్డి ఉంది. దుంగ ఉంది.
దుంగ మీద గోళ్ళ గీతలున్నాయి.
పులి లేదు.
బోర్డు మీది మాటల్లో ఒక్కటీ నాకు లొంగలేదు.
నిద్రపోతోందని కావచ్చు, చచ్చిపోయిందని కావచ్చు,
గోడకు పచ్చిరంగు, ఆనుకోవద్దని కావచ్చు.
ఆనుకోలేదు.

ఒంటెల దగ్గర బడిపిల్లలు, జంటలు జంటలుగా.
ఒకడి ఎర్ర చేతితొడుగు కంచె అవతల పడింది.
ఒంటె వాసన చూసింది,
మా చీఫ్ ఇంజనీరు నా సెలవు చీటీ చదివినంతసేపు
దాన్ని చదివి
నోట్లో పెట్టుకుంది.
పిల్లలంతా గొల్లున నవ్వుతుంటే
పోగొట్టుకున్నవాడు మాత్రం
రెండో తొడుగు కూడా తీసి
కంచె మీంచి చాచాడు
ఒక్కటే ఉంటే దానికేం లాభమన్నట్టు.
టీచరమ్మ పరుగు ఇంకా నా కళ్ళల్లోనే ఉంది.

చలికి ఆగలేక నీటిగుర్రం ఇంట్లో దూరాను.
తలుపు తీయగానే కళ్ళద్దాలు తెల్లబోయాయి.
ముక్కే ముందు చూసింది:
తడి ఎండుగడ్డి, మాగిన క్యాబేజీ,
ఓడ అడుగున నిలిచిన నీళ్ళకు చుట్టమయ్యే వాసన.
హాయిగా ఉంది. ఎవరితోనూ చెప్పను గానీ.

బెంచీ మీద ఓ పెద్దావిడ,
ఒళ్ళో ఫ్లాస్కు, మెడలో ఏడాది పాసు.
పేరు పాసు మీద చూపించింది: స్కైడ్రీటె.
నీళ్ళ వైపు చూపి, పెదాల మీద వేలుంచింది
లోపలెవరో పరీక్షకి చదువుకుంటున్నట్టు.

"నీల్‌జిర్గ్స్," అంది.
నాకేం తెలుస్తుంది.
"జిర్గ్స్, జిర్గ్స్," అంటూ
చెక్క మీద నాలుగు వేళ్ళని
టక్‌టక టక్‌టక దౌడు తీయించింది.

గుర్రం!
మీరూ గుర్రమనే అన్నారా తల్లీ
ఈ పొట్టికాళ్ళ బాయిలర్‌ని?
చూసినవాడు పెట్టిన పేరు కాదిది,
ఎవడో చెప్తే చీకట్లో విన్నవాడు పెట్టింది.
"గుర్రం," అన్నాను.
"గుర్‌రామ్," అంది
నా మాటకో రాముణ్ణి తగిలించి.

నీళ్ళు కదల్లేదు.
ఆమె గొంతులోనే లెక్క మొదలెట్టింది:
వియెన్స్, దివి, త్రీస్.
(వాళ్ళ రెండు మనకు ఆకాశం.)
నేనూ అందుకున్నాను. ఇంజన్‌రూమ్ అలవాటు,
నా అంకెలు పరుగెత్తాయి.
యాభై దాటాక
ఊపిరి నేనూ బిగబట్టానని తెలిసి వదిలేశాను.
ఎనభై దగ్గర ఆమె
మా ఇద్దరి మధ్య, ఇంకొకరు పట్టేంత జాగాని
అరచేత్తో ఓసారి తుడిచింది.
లెక్క మాత్రం తప్పలేదు.
అడగలేదు నేను. అడిగే భాష లేదు,
ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో.

ముందు రెండు చెవులు.
తర్వాత ఓ బరువైన నిట్టూర్పు,
మా ఇద్దరి మొహాల మీదా తుంపర.

ఆవిరి పట్టిన అద్దం మీద ఆమె వేలితో రాసింది: 118.
కింద నేను: 132.
రెండూ చూసి, కూడి, సగం చేసి
125 అని గీత కొట్టేసింది,
బతుకంతా ఖాతాలు రాసిన చెయ్యి కాబోలు.
ఫ్లాస్కు మూతలో సగం టీ నాకు పోసింది.
అదీ సరిగ్గా సగమే.

రాత్రి గేటు దగ్గర ఇల్మార్స్
గోళ్ళు చూపించి కనుబొమ్మలెగరేశాడు.
పులి లేదని చెయ్యి తిప్పి
అతని బల్ల మీద నాలుగు వేళ్ళతో
టక్‌టక టక్‌టక.
అర్థమైందో లేదో,
టీ చల్లారిపోతోందని గొణుక్కుంటూ
గేటెత్తాడు.