గాలిదారిన నూట ఏడు

ఉదయగిరి నుంచి దొనకొండకు
గాలిదారిన నూట ఏడు కిలోమీటర్లు,
విమానంలో ఎనిమిది నిమిషాలు.
ఫోను చూసి చెప్పాడు మా సందాని,
పామూరు బస్సు ఇంకా రాని పొద్దున
సిమెంటు బల్ల మీద కాళ్ళూపుకుంటూ.

గాలిదారి అంటే దారం లాగినట్టేనట.
కొండ చుట్టూ తిరగక్కర్లా,
చెరువుకట్ట మీద ఎదురుబండికి ఆగక్కర్లా,
చిల్లకంప గీసుకోదు.

ఎనిమిది నిమిషాలంటే ఎంతో నాకు తెలుసు.
నర్ది చెక్క మీద ఉలి పెట్టి
గరిటె గుంట తొలిచేంత సేపు.
ఇంకా ఆకురాయి పట్టలేదు,
కాడకు రూపు రాలేదు,
చేతిలో ఉన్నది గరిటె అని
నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ఈసారి సంచిలో అమ్మకం సరుకు లేదు.
ఒక్కటే చెంచా.
మూడు విరగ్గొట్టుకుని నాలుగోది చేశాను.

మా ఖాలా వేళ్ళు ముడుచుకోవు.
కనిగిరి అవతల పల్లెలో
నలభై ఏళ్ళు తాగిన బోరు నీళ్ళు
ఎముకల్లోకి దిగి కాపురం పెట్టాయి.
స్టీలు చెంచా జారిపోతుంది.
అందుకే కాడ లావు, బరువు తక్కువ,
మెడ దగ్గర ఓ పక్కకు వంపు.
నోరు వెతుక్కుంటూ పోకుండా
చెంచాయే నోటి దగ్గరికొచ్చేట్టు.

బస్సుకు గాలిదారి తెలియదు.
దుత్తలూరు కూడలిలో నిమ్మకాయల బస్తాలెక్కాయి.
పామూరులో డ్రైవరు టీ తాగాడు,
ఆయన్ని పిలవబోయిన కండక్టరూ తాగాడు.
కనిగిరిలో దిగి ఇంకోటి, పొదిలిలో దిగి ఇంకోటి.
వాంతి చేసుకున్న పిల్లకు
ఎవరో నిమ్మకాయ కోసి ఉప్పద్ది ఇచ్చారు.
సీటు కోసం కొట్లాడుకున్న ఇద్దరు తాతలు
ఊళ్ళ పేర్లు చెప్పుకుని, వియ్యంకుల వరసలో కలిసి,
దిగేముందు ఒకే బీడీ పంచుకున్నారు.

"ఈపాటికి నలభైసార్లు చేరేవాళ్ళం అమ్మీ."
"ఒక్కసారి చేరితే చాలు నాయనా."

దొనకొండలో విమానాల మైదానం ఉంది, నిజంగానే.
తెల్లోళ్ళ యుద్ధం నాటిదట.
ఎలక్షన్లకొకసారి ఎవరో వచ్చి కొలుస్తారు,
సున్నం గుర్తులు పెట్టి పోతారు.
వాన వచ్చి చెరిపేస్తుంది, అదీ ఆలస్యంగానే.
పగిలిన రన్‌వే మీద
ఖాలా వాళ్ళ మేకలు పడుకుంటాయి,
పొద్దుగూకినా వెచ్చగా ఉంటుందని.

సందాని చేతులు చాపి
ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తాడు.
రెండుసార్లు లేచినట్టే అయింది.
మూడోసారి పల్లేరుకాయ గుచ్చుకుంది.

రాగిజావ.
మొదటి చెంచా పైట మీద పడింది.
రెండోది సగం.
మూడోది మొత్తం లోపలికి.
ఖాలా ఏమీ అనలేదు.
కాడను బొటనవేలితో నిమిరి,
"బిక్కి కొయ్యా?" అంది.
"నర్ది."
"బరువే లేదే పిల్లా."

గిన్నె ఖాళీ అయ్యేసరికి నలభై నిమిషాలు.
ఆ లెక్కన మేం ఉదయగిరి పోయి, వచ్చి,
మళ్ళీ పోయి, మళ్ళీ వచ్చి,
ఇంకోసారి బయల్దేరి ఉండాలి.
సందానిని అడుగుదామనుకున్నాను.
వాడప్పుడు ఖాలా గడ్డం తుడుస్తున్నాడు.