అగ్గిపెట్టెలో వచ్చినది

డబ్బా ఇచ్చి పంపినా
అగ్గిపెట్టెలోనే తెస్తారు,
జీడాకులో చుట్టి, పురికొస కట్టి.
బల్ల మీద పెట్టేటప్పుడు
గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తారు.
"ఇందల ఏటుంటాదమ్మా?" అంది తవిటమ్మ.
ఉప్పునీటి చుక్కలో ఆవగింజంత కలిపి
అద్దం కింద పెడితే
మీ ఊరుంటుంది.

పల్చటి పెంకు. కోలగా. లోపల నాలుగు గదులు.
కొంకిపురుగు గుడ్డు ఇలా ఉంటుందని
శిక్షణలో బొమ్మ చూపించారు.
బొమ్మ పక్కన దారి గీయలేదు.
అది ఈ కవిటి ఇసుకలో నేను నడిచి నేర్చుకున్నదే:
చీకటుండగా చెంబుతో జీడితోటలోకి,
కొబ్బరి నీడ ఎప్పుడూ ఆరనివ్వని చోటికి.

అక్కడ గుడ్డు ఒక రోజు పడుకుంటుంది.
మర్నాడు లేస్తుంది.
వారం తిరిగేసరికి
ఇసుకరేణువు కొసన నిలబడి తల ఊపుతుంది,
బస్సుకి చెయ్యెత్తినట్టు.
వచ్చేది పాదం.
జీడిపళ్ళు ఏరే పాదం,
అరిగిపోతాయని చెప్పులు గట్టు మీద విడిచిన పాదం.

వేళ్ళ సందున దురద.
మంచుకి ఒరిసిందనుకుని పసుపు రాస్తారు.
అప్పటికే అది నెత్తుట్లో బయల్దేరింది.
గుండె దాటి, ఊపిరితిత్తి ఎక్కి,
గొంతులో చిన్న దగ్గై,
గుటకతో కిందికి దిగి,
పేగు గోడకి పళ్ళు తగిలించుకుని
కాపురం పెట్టింది.

ఢిల్లేశ్వరి కనురెప్ప లాగి చూస్తే
లోపల సున్నం.
"బొట్టి మట్టి తింతంది" అని వాళ్ళమ్మ వీపు మీద ఒకటేసింది.
వానకి తడిసిన గోడ పెళ్ళ,
వాసన బాగుంటుందట.
నేనూ చిన్నప్పుడు తిన్నానని చెప్పలేదు.

దుర్యోధన ఇంటికీ లోకనాథం ఇంటికీ
పదకొండేళ్ళుగా మాటల్లేవు.
గట్టు తగాదా, మూడు కొబ్బరిచెట్లు,
సోంపేట కోర్టులో వాయిదాలు.
పెళ్ళికి పిలుపు లేదు, చావుకి భుజం లేదు.
నా రిజిస్టర్లో
ఒకరి కింద ఒకరు, ఇద్దరికీ ఒకే రాత.
ఆ మూడు చెట్ల దగ్గరే
రెండిళ్ళ ఆడవాళ్ళూ తెల్లారకముందు
వీపులు తిప్పి కూర్చుంటారు.
నిన్న ఒకరు కూర్చున్న చోట
రేపు ఒకరు అడుగేస్తారు.

"ఈ మాత్ర నమిలి మింగు" అన్నాను తవిటమ్మతో.
మింగింది.
"మరి రేపు పొద్దుట ఎక్కడికెల్తాను?" అంది.
మరుగుదొడ్డి కట్టిచ్చారు వాళ్ళకి.
అందులో కొబ్బరిపీచు, పిడకలు, ఈనిన మేక.
నీళ్ళు రెండు వీధులవతలి బోరింగు నుంచి మొయ్యాలి.
ఆమె ప్రశ్నకి రిజిస్టర్లో గడి లేదు.

ఒక సాయంత్రం, అందరూ వెళ్ళాక,
నా అగ్గిపెట్టె నేనే తెరిచాను.
బస్సు స్టాపుకి నాదీ జీడితోటలోంచే అడ్డదారి.
ఇసుక చల్లగా ఉంటుందని
చెప్పులు చేత్తో పట్టుకుంటాను.
అద్దం తిప్పి వెలుతురు పట్టాను.

పల్చటి పెంకు. నాలుగు గదులు.

లోకనాథం కింది వరసలో నా పేరు రాశాను.
వయసు దగ్గర కాస్త ఆగి
రెండేళ్ళు తగ్గించాను.