ఏం కాలే

రూప్లా నాయక్ దేవరకొండ డిపోల
ముప్పై ఒక్క ఏండ్లు బస్సు నడిపిండు.
రిటైరైన నాడు దండేసి, గోడ గడియారం చేతికిచ్చి
నాలుగు ముక్కలు మాట్లాడమంటే
మైకు పట్టుకుని
"ఏం కాలే" అని కూసున్నడంట.
అందరు నవ్విండ్రంట.

నాకు కారు నేర్పింది ఆయనే.
ఊరూరు తిరిగి బోరు నీళ్లు
గాజు సీసాలల్ల పట్టి తెచ్చే కొలువు నాది.
మర్రిగూడ, చింతపల్లి, నాంపల్లి.
డిక్కీల సీసాలు గలగలమన్నయంటే
"అగో, చాడీ చెప్తున్నయ్ సూడు,
బ్రేకు ఆలిశంగ యాదికొచ్చింది నీకు" అనేటోడు.

ముందు బండి ఒక తుమ్మచెట్టు దాటంగనే
ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాలె.
మూడు కాకముందే ఆ చెట్టు నా దగ్గరికొస్తే
"ఎందుకు తరుముతున్నవ్ బిడ్డా,
నీకేమన్న బాకీ ఉన్నడా ఆయన?"
వానల ఆరు దాక లెక్కపెట్టిపిచ్చేది.

ఆగిన బస్సును సూడకు, కింద సూడు.
టైర్ల నడుమ చెప్పులు కనబడ్తయ్.
చెప్పులల్ల మనిషి ఉంటడు,
మనిషికి తొందర ఉంటది.

గొర్రె దాటిందని గేరు మార్చకు,
మంద ఇంకా కంపల్ల ఉన్నది,
కురుమాయన కట్టె ఇంకా కనబడలే.

నాకు మండేది.
నా సైడు నాకున్నప్పుడు నేనెందుకు తగ్గాలె?
"నీదే రైటు" అన్నడు నిమ్మళంగ.
"పంచనామల గూడ అదే రాస్తరు."

మాల్ మలుపు కాడ మాత్రం
ఎప్పుడైనా మాట ఆపుతడు.
ఎందుకని నేను అడగలే.

యాసంగి కోతలు. అంగడిపేట దాటిన,
పొద్దుగూకి గంటయింది.
ఎదురుంగ లారీ, ఫుల్ లైటు,
కండ్ల నిండ సున్నం కొట్టినట్టు.
వెలుగును సూడకు,
ఎడమ అంచున తెల్లగీతను పట్టుకో అన్నడు కదా,
పట్టుకున్న.
కోతల నెలల నల్లగ కనబడ్డదల్లా
వడ్లకుప్పే అనుకో అన్నడు కదా,
అప్పటికే తగ్గిన.

గీత ఒకతాన తెగింది.
ఎందుకు తెగిందో తెల్వక
ఆగిన.
సీసాలు సప్పుడు చెయ్యలే.

లారీ పోయినంక కనబడ్డది
నల్ల రోడ్డు మీద నల్ల పట్టా,
పట్టా కింద సగం రోడ్డు వడ్లు,
ఎగిరిపోకుంట పెట్టిన రాళ్లు.
ఆఖరి రాయి అనుకున్నది రాయి కాదు,
చెద్దరు కప్పుకుని పండిన అవ్వ.
నా బంపరుకు ఆమె తలకాయకు
నాలుగు జానలు.

కాళ్లు వణికి దిగలేకపోయిన కాసేపు.
ఇండికేటర్లు టిక్కుటిక్కుమంటున్నయ్.

లేపితే కండ్లు నలుసుకుంట
"ఏమైంది బిడ్డా?" అన్నది.

ఏమని చెప్పాలె.
ఏం కాలే అవ్వా,
జర గట్టు దిక్కు జరిగి పండు.

"వడ్లకు పందులొస్తయ్" అని గునిగింది గని
జరిగింది.
డిక్కీల నుంచి నాలుగు ఖాళీ సీసాలు తీసి
రాళ్ల పొంటి నిలబెట్టిన,
వచ్చేటోని లైటు పడి మెరిస్తయని.
మెరిసినయో లేదో నాకు తెల్వది.

తెల్లారి స్టోరాయన లెక్కపెట్టి
"నాలుగు తక్కువున్నయేంది మేడం,
పగిలినయా?" అన్నడు.

లేదు, అన్న.
ఒక్కటి గూడ పగలలే.