తాలుకాయ

నా పిల్ల కెజియా మొట్టమొదట నేర్చుకున్నది దగ్గు.
ఏటుకూరు రోడ్డు షెడ్డులో
ముప్పైమందిమి తొడిమలు తీస్తా దగ్గుతుంటే
చీర ఉయ్యాల్లోంచి తనూ ఒకటి దగ్గేది,
ఉత్తుత్తిదే.
దగ్గి, ఎవరన్నా చూశారా అని చూసేది.

ఆ తర్వాత కూచోబెట్టి ఎవరూ నేర్పలా.
నాకు తీరికేదీ?
కాటా దగ్గర కేకలు, హమాలీల బూతులు,
దీవెనమ్మ పాడే కీర్తన, మేస్త్రీ సెల్లో ఆ రోజు రేట్లు,
అంతా ఒకే గుట్టగా పోశాం దాని చెవిలో,
తేజా తాలూ మట్టిబెడ్డా వేరు చెయ్యకుండా.
ఏరుకున్నది అదే.

రెండేళ్ళు నిండాక ఒక సాయంత్రం
నా అరచేతులు పట్టుకుని ఊదుతా అడిగింది:
"అమ్మా, చెయ్యిలు మండుతున్నయ్యా?"

చెయ్యిలు!
మా షెడ్డులో ఆ మాట అన్న నోరు లేదు.
నేననలా. వాళ్ళ నాన్న అసలు మాట్లాడేదే తక్కువ.
మరి ఎక్కడ విన్నట్టు?
కాయ, కాయలు. మూట, మూటలు. టిక్కీ, టిక్కీలు...
మేమంతా కాయ లెక్కలో మునిగుంటే
ఇది ఉయ్యాల్లో పడుకుని
మాటల తొడిమలు గిల్లి చూస్తా ఉందన్నమాట.

"చేతులు అనాలే" అన్నా.
"చేతులు" అంది బుద్ధిగా.
"ఇప్పుడు నా చెయ్యిలు కడుగు" అంది.

ఇంకోరోజు నోరు బార్లా తెరిచి
"నాకు పన్నులొచ్చినయ్" అని చూపిస్తే
మేస్త్రీ పేరయ్య పడీపడీ నవ్వాడు.
"అప్పుడే పన్నులా! యార్డు సెస్సు కూడా కట్టు తల్లీ."
అది నవ్వలా.
తప్పు మాదైనట్టు చూసింది.
ఏమో, మాదేనేమో.
చెయ్యి చేతులెందుకయిందో, నోటిలో పన్ను పళ్ళెందుకయిందో
పుట్టిన కాణ్ణించీ అంటానే ఉన్నా,
నాకు మాత్రం ఏం తెలుసు?

ఎప్పుడు పోయిందో చూసుకోలా.
మొన్న అంగన్‌వాడీ నుంచి వచ్చి
చెప్పులు విప్పుతా అంది:
"చేతులు కడుక్కో అమ్మా, ఘాటు."
ఎవరూ దిద్దలా.
తనే ఏరి పక్కన పారేసింది.

రంగు పోయిన కాయని ఏరటం నా పని.
తాలుకి రేటు సగం కూడా రాదు.
ఇన్నేళ్ళలో పారేసిన కాయ కోసం
గుట్టలో చెయ్యి పెట్టి దేవులాడింది లేదు.

ఆ రాత్రి దానికి గంటెతో అన్నం కలుపుతా
ఎర్రబడ్డ వేళ్ళు చూసుకుని
చిన్నగా, పైకే అన్నా:
చెయ్యిలు.

"తప్పు" అంది కెజియా, ముద్ద నములుతా.